మూతబడిన బడి మీద నల్లచుక్క

బ్రిట్టా బండి దిగలేదు.

బడి ముందు పిల్లలను దింపే వరుసలో నార్బ్ రీడెల్ పికప్పు బండి కదలకుండా నిలిచిపోవడంతో వెనకవాళ్ళు కాసేపు ఓపిక పట్టి, ఆ తరువాత హారన్లు మొదలుపెట్టారు. కెటిల్ ఫోర్క్ లాంటి చిన్న ఊళ్ళో హారన్ కొట్టడమంటే దాదాపు తిట్టడమే. నార్బ్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అందరికీ కలిపి క్షమించమన్నట్టు ఊపాడు.

“దిగవే తల్లీ. గంట కొట్టేశారు.”

“కడుపులో నొప్పి, తాతా.”

“నిన్న తలనొప్పి అన్నావు కదా?”

“అదే కిందికి దిగింది.”

నార్బ్ ఆమె సొంత తాత కాదు, తాతకు తమ్ముడు. అన్న ఎర్విన్ పోయినప్పటినుంచి, ఎర్విన్ కూతురు లోర్నా జున్ను ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళాక, లోర్నా కూతురు బ్రిట్టాను బడికి దింపే పని నార్బ్ మీద పడింది. ఒంటరి మనిషికి ఆ పని ఇష్టంగానే ఉండేది. ఈ వారమంతా మాత్రం ఆ అమ్మాయికి రోజుకొక అవయవం నొప్పి పుడుతోంది.

అతడు బండిని వరుసలోంచి తప్పించి పక్కన ఆపాడు. కాసేపటికి బ్రిట్టా తనంతట తానే సంచిలోంచి మడతపెట్టిన ఒక నున్నటి కాగితం తీసి అతడి ఒడిలో పడేసింది.

“మా క్లాసు కేడెన్ నా లాకర్‌కి అంటించాడు.”

అది ఎన్నికల కరపత్రం. ఊళ్ళో ప్రతి పోస్టు డబ్బాలోనూ పడినదే. రాష్ట్రపటం మీద అక్కడక్కడా నల్లచుక్కలు, పైన పెద్ద అక్షరాలు: ‘పన్నెండు నెలల్లో మన బడుల్లో జరిగిన కాల్పులు. ఈ పాపం శాసనసభను ఏలుతున్నవారిది.’ ఉత్తరాన, కెటిల్ ఫోర్క్ ఉండే చోట కూడా ఒక చుక్క ఉంది. ఆ చుక్కకు ఎవరో పెన్నుతో బాణం గీసి, ‘వీళ్ళ తాత’ అని రాశారు.

“స్కూల్ షూటర్ మనవరాలంట నేను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంటే చస్తారంట. జోకంట అది.”

నార్బ్ ఆ చుక్క వంక చూస్తూ ఉండిపోయాడు. షూటర్ అనే మాట అతడికి చిన్నప్పటినుంచీ తెలుసు. దుప్పుల వేటకు పోయే ఆ ప్రాంతపు మనుషులు ఆ మాటను మనిషికి వాడరు, జంతువుకు వాడతారు: తూటా ఖర్చుపెట్టదగినంత కొమ్ములున్న పోతుదుప్పి కనిపిస్తే, ‘అదిగో, షూటర్’ అంటారు. ఎర్విన్ ఆ మాటను గుసగుసగా, దాదాపు భక్తితో అనేవాడు. అదే మాట తిరిగొచ్చి అతడి మీదే కూర్చుంటుందని ఎవరనుకుంటారు?

“మీ తాత ఎవరినీ కాల్చలేదమ్మా.”

“నాకు తెలుసు. వాళ్ళకి చెప్పు.”

“శుక్రవారం సభ ఉంది కదా, పోటీ చేసే ఇద్దరూ వస్తారు. వాళ్ళ నోటితోనే చెప్పిస్తాను, ఊరందరి ముందు. అప్పుడు సోమవారం బండి దిగుతావా?”

బ్రిట్టా బేరం చేసే ముఖం పెట్టింది. “ఇద్దరూ చెప్పాలి. ఒక్కళ్ళే చెప్తే రెండో పార్టీవాళ్ళ పిల్లలు ఒప్పుకోరు.”

“ఇద్దరూ.”

మాట ఇచ్చేశాక అదెంత బరువో అతడికి తెలిసింది. ఆ ఊళ్ళో ఆ ఇద్దరూ ఒకే మాట చెప్పడమన్నది ఎండాకాలంలో మంచు పడడంతో సమానం.

జరిగినది చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎర్విన్ పాత ప్రాథమిక పాఠశాలలో బాయిలరు చూసేవాడు, గచ్చులు తుడిచేవాడు, మంచు ఎత్తిపోసేవాడు. పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూతబడింది. ఆ తరువాత అతడి భార్య పోయింది. బడి ముందు ఖాళీ స్థలంలో బండి ఆపుకుని, ఫ్లాస్కులోని కాఫీ తాగుతూ కిటికీలను చూస్తూ కూర్చోవడం అతడికి అలవాటైంది. పోయిన నవంబరులో, దుప్పుల వేట మొదలయ్యే శనివారానికి ముందు సాయంత్రం, అక్కడే తన వేట తుపాకీతో తన ప్రాణం తీసుకున్నాడు. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

నార్బ్ ముందుగా నీలి బోర్డుల ఆఫీసుకు వెళ్ళాడు. ఆ కరపత్రం డెమొక్రాట్లది. అభ్యర్థి పాట్రీస్ డ్యుక్వెట్ అతడికి కొత్త మనిషి కాదు. పదవీ విరమణ చేసేదాకా ఊరి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. అన్నదమ్ములిద్దరి రక్తపోటూ ఆమె చేతిమీదుగా చూసినదే.

“కూర్చోండి నార్బ్ గారూ. ఎందుకొచ్చారో నాకు తెలుసు.”

“తెలిస్తే మరి చుక్క ఎందుకు పెట్టారండీ?”

“ఆ చుక్క నేను పెట్టింది కాదు. ఒక సంస్థవాళ్ళ లెక్క అది. మేం తీసుకుని అచ్చేశాం. బడి స్థలంలో తుపాకీ పేలితే లెక్కే, అదీ వాళ్ళ నిర్వచనం.”

“ఆ బడిలో ఉడతలు తప్ప ఎవరున్నారండీ?”

“స్థలం ఇంకా బడి బోర్డుదే. ఎవరూ కొనలేదుగా.” ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలోనూ సంతోషం లేదు.

నార్బ్ కళ్ళజోడు సవరించుకుని పటం మీద వేలు పెట్టాడు. “ఈ చుక్క ఏంటి?”

“అదా... ఎవరో గాలితుపాకీ పేలిస్తే బస్సు అద్దం పగిలింది.”

“ఇది?”

“కాపలా పోలీసాయన మరుగుదొడ్డికెళ్ళాడు. నడుముకున్న తుపాకీ దానంతటదే పేలింది.”

“ఎవరికన్నా తగిలిందా?”

“కమోడుకి.”

నార్బ్‌కు నవ్వొచ్చింది. ఆ ఊపులోనే దక్షిణాన ఉన్న మరో చుక్క మీద వేలు పెట్టి, “మరి ఇది?” అన్నాడు.

పాట్రీస్ నవ్వలేదు. “అది నిజంగా జరిగిందండీ. ముగ్గురు పిల్లలు.”

నార్బ్ వేలు తీసేశాడు.

“మీ అన్నయ్య చుక్క తీసేస్తే అవతలి పార్టీవాళ్ళేమంటారో తెలుసా?” పాట్రీస్ గొంతు తగ్గించింది. “చూశారా, అన్నీ అబద్ధాలే అంటారు. ఆ ముగ్గురూ కూడా అబద్ధమే అయిపోతారు. నాకు భయం అదండీ.”

“ఆ భయానికి మా పిల్ల మూల్యం కట్టాలా?”

ఆమె కరపత్రాన్ని మడిచి అతడి ముందుకు జరిపింది. చివరకు, ఎర్విన్ ఎవరికీ హాని చేయలేదని సభలో చెబుతానంది. “కానీ నేను నిజమనుకునేదీ చెప్తాను. మన కౌంటీలో తుపాకీతో పోయేవాళ్ళలో ఎక్కువమంది ఎర్విన్ గారి లాంటివాళ్ళే. ఒక్క చెడ్డ సాయంత్రం చేతికి తుపాకీ అందకపోతే చాలామంది బతుకుతారు. బతికినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఆ పని చేయరు. వార్డులో నేను కళ్ళారా చూశాను.”

అది మంచి సాక్ష్యమేనని నార్బ్‌కు తెలుసు. అయినా లేచి వచ్చేటప్పుడు అందులో ఒక మాట అతడిని వదల్లేదు. చేతికి అందడమన్నది గాలిలో జరగదు. ఎవరో ఒకరు అందించాలి.

ఎర్ర బోర్డుల వేడ్ ష్లీవ్ రంపాలూ గాలాలూ అమ్మే దుకాణం నడుపుతాడు. ఆ ప్రాంతపు రిపబ్లికన్ అభ్యర్థి అతడే. అతడి తండ్రి, నార్బ్, ఎర్విన్ ఒకే గుడారంలో ఏళ్ళ తరబడి వేటాడినవాళ్ళు.

“నార్బ్ అంకుల్! రండి రండి. కుర్చీ తుడవమంటారా, అలాగే కూర్చుంటారా?”

“అలాగే కూర్చుంటాలేరా. నువ్వు తుడిస్తే ఇంకా మురికవుతుంది.”

వేడ్ పగలబడి నవ్వాడు. తరువాత నీలివాళ్ళ కరపత్రాన్ని బల్లమీద పరిచి అరచేత్తో కొట్టాడు. “సిగ్గుందా వీళ్ళకి? నా చేత మొదటి దుప్పిని కొట్టించింది ఎర్విన్ అంకులే. ఆయన స్కూల్ షూటరా? శుక్రవారం మైకులో కడిగేస్తా చూడండి.”

నార్బ్‌కు ప్రాణం లేచివచ్చినట్టయింది. అయితే ఆ కాగితం పక్కనే వేడ్ సొంత కరపత్రం కూడా ఉంది. ఒక పక్క సరస్సు ఒడ్డునున్న మహానగరంలో తుపాకీ హత్యలు, మరో పక్క తమ కౌంటీలో: పెద్ద గుండ్రటి సున్నా. కింద, ‘అక్కడ ఏలేది వాళ్ళు. ఇక్కడ ఏలేది మనం. గవర్నరు కూడా వాళ్ళవాడే.’

“అక్కడి జనం ఎంత, ఇక్కడి జనం ఎంతరా? తలకింతని వేసి చూశావా?”

“తలసరి అంటే ఎవడికి అర్థమవుద్ది అంకుల్? సున్నా అంటే అందరికీ అర్థమవుద్ది.”

“సున్నా అంటే ఎర్విన్ లేడనేగా?”

“ఆయన్ని ఆ లెక్కలో వెయ్యరు అంకుల్. అది హింస కాదు, ఇంటి విషాదం. మనిషి కారు వేసుకెళ్ళి చెట్టుకి గుద్దుకుని పోతే కారు హింస అంటామా?”

“అనం. కానీ ఆ ఏడాది కార్లలో ఎంతమంది పోయారో లెక్కపెట్టేటప్పుడు వాడినీ కలుపుతాం కదా.”

వేడ్ తల గోక్కున్నాడు. నార్బ్ కూడా తన మాట ఎటు దారితీస్తోందో తెలియక అక్కడే ఆపాడు. ఒకరి లెక్కలో ఎర్విన్ ఉండకూడని చోట ఉన్నాడు. మరొకరి లెక్కలో అసలు పుట్టనట్టే ఉన్నాడు. రెండు కాగితాల్లోని అంకెలూ ఎక్కడినుంచో తెచ్చినవే తప్ప కల్పించినవి కావు.

నార్బ్ జీవితమంతా కాగితం మిల్లు పరీక్షశాలలో పనిచేశాడు. పెద్ద కాగితపు చుట్టలో తేమ అంతటా ఒకేలా ఉండదు, అంచులు ఎండిపోయి ఉంటాయి, మధ్య భాగం చెమ్మగా ఉంటుంది. మిల్లు అమ్మకందారు ఎప్పుడూ అంచున ముక్క కోయించుకునేవాడు, కొనేవాడి మనిషి నడిమి భాగం అడిగేవాడు. ఇద్దరికీ నార్బ్ ఒకే పరికరంతో కొలిచి ఇచ్చేవాడు. పరికరం ఎన్నడూ తప్పు చెప్పలేదు. చుట్ట ఎలాంటిదని అడిగితే మాత్రం, మొత్తం విప్పి చూడందే చెప్పలేననేవాడు. ఆ జవాబు ఇద్దరికీ నచ్చేది కాదు.

“ఒకటే చిన్న సాయం అంకుల్,” వేడ్ ఎదురుగా వంగాడు. “నేను మాట్లాడాక మిమ్మల్ని లేపి అడుగుతా: ఆ తుపాకీ లేకపోయినా ఎర్విన్ అంకుల్ ఆ పని చేసేవాడే కదా అని. మీరు ‘అవును’ అంటే చాలు. ఒక్క ముక్క. తమ్ముడికన్నా ఆయన్ని ఎరిగినవాళ్ళెవరు?”

“ఆలోచిస్తాను” అన్నాడు నార్బ్.

ఆ సాయంత్రం తన ఇంట్లో లోర్నా మాంసం మీద బంగాళాదుంప ముక్కలు పరిచిన పళ్ళెం ఓవెన్‌లోంచి తీస్తుంటే, ఫ్యాక్టరీ టోపీ గీత ఇంకా ఆమె నుదుటి మీద కనిపిస్తోంది. బ్రిట్టా తన గదిలో ఉంది.

“వేడ్ ఫోన్ చేశాడు బాబాయ్. నువ్వు ఆలోచిస్తానన్నావంట.”

“అన్నాను.”

“ఆలోచించడానికేముంది అందులో? ‘అవును’ అంటే నీ సొమ్మేం పోద్ది?”

“అవునో కాదో తెలియందే ఎలా అననే?”

లోర్నా పళ్ళెం బల్లమీద పెట్టింది, పెట్టిన చప్పుడు అవసరానికి మించి వచ్చింది. “ఫాదర్ అన్నాడు. డాక్టర్ అన్నాడు. షెరీఫ్ టోపీ తీసి మరీ అన్నాడు. ఆ సాయంత్రం కాకపోతే ఇంకో సాయంత్రం, ఆ తుపాకీ కాకపోతే ఇంకోటి అని. ఊరంతా అంది. నువ్వొక్కడివే ఒక్కసారీ అన్లేదు. నేను గమనించలేదనుకున్నావా?”

నార్బ్ చెంచాతో బంగాళాదుంప ముక్కలను అటూ ఇటూ జరిపాడు.

ఎర్విన్ భార్య పోయాక, అతడు తిండి మానేసి గోడలు చూడడం మొదలుపెట్టినప్పుడు, అతడి వేట తుపాకీని తీసుకొచ్చి తన బట్టల అలమరలో పెట్టి తాళం వేసుకున్నది లోర్నాయే. ఎర్విన్ కాదనలేదు. వేసవి గడిచింది. వేట మొదలయ్యే ముందు సాయంత్రం అతడు గడ్డం గీసుకుని, నారింజ రంగు వేట చొక్కా తొడుక్కుని, గుడారానికని సాసేజీలు కట్టుకుని వచ్చి కూతురి గుమ్మంలో నిలబడ్డాడు. చాలా నెలల తరువాత నవ్వాడు. తుపాకీ అడిగాడు. ఆ సాయంత్రం ఊళ్ళోని ప్రతి ఇంటి ముందూ నారింజ చొక్కాలు ఆరేసి ఉంటాయి. బళ్ళో గురువులు సెలవు పెడతారు, ఫాదర్ ప్రార్థన త్వరగా ముగిస్తాడు. ఆ సాయంత్రం ఒక మగవాడి దుప్పి తుపాకీని అతడికి ఇవ్వననడమంటే, నువ్వు ఇక మనిషివి కావని మొహం మీద చెప్పడమే. ఆ కౌంటీలో ఏ కూతురూ ఆ మాట అనదు. లోర్నా కూడా అనలేదు. సంతోషంగా తాళం తీసింది. తండ్రి కోలుకున్నాడని ఫోన్ చేసి నార్బ్‌కు కూడా చెప్పింది. నార్బ్ కూడా సంతోషించాడు.

బ్రిట్టాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

“పాట్రీస్ గారి మాట నిజమనుకో,” లోర్నా నెమ్మదిగా అంది, “తుపాకీ అందకపోతే నాన్న ఉండేవాడు. అంటే ఎవరు చేసినట్టు?”

“అలా కాదమ్మా—”

“వేడ్ మాట నిజమైతే ఎవరూ చేయలేదు. పిల్లకి పేరు తుడుచుకుపోద్ది, నాకు నిద్ర పడుద్ది. రెండూ ఒక్క ముక్కలో. ఇంకేం కావాలి నీకు?”

నిజమే. ఇంకేం కావాలో నార్బ్‌కు కూడా తెలియదు. ఆ మాట అంతమందికి అంత సుఖాన్నిస్తున్నందుకే తనకు దానిమీద అనుమానం కలుగుతోందా? అలాగైతే అది న్యాయమైన అనుమానమేనా, లేక ముసలితనపు మొండితనమా? సుఖాన్నిచ్చే ప్రతి మాటా అబద్ధం కానక్కరలేదని అతడికి తెలుసు. పళ్ళేలు కడిగి, తుడిచి, కడిగిన పళ్ళెమే మళ్ళీ కడిగి ఇంటికి వెళ్ళాడు.

శుక్రవారం మాజీ సైనికుల సంఘం హాలులో చేపల వేపుడు విందు. ఊళ్ళో ప్రతి శుక్రవారం జరిగేదే. ఈసారి వేదిక మీద రెండు కుర్చీలు అదనంగా వేశారు. కాగితపు పళ్ళేల్లో చేపలు, క్యాబేజీ తురుము, రొట్టె ముక్కలు పట్టుకుని జనం ఎవరి పార్టీ వైపు వాళ్ళు కూర్చున్నారు. మధ్యనున్న బల్లలు మాత్రం ఖాళీగా మిగిలాయి. నార్బ్, లోర్నా, బ్రిట్టా ఆలస్యంగా వచ్చి, చోటు లేక ఆ మధ్యలోనే కూర్చున్నారు.

తుపాకుల ప్రశ్న రాగానే వేడ్ మైకు అందుకున్నాడు. “నీలివాళ్ళు మన ఊరి మీద చుక్క పెట్టారు. ఆ చుక్క పేరు ఎర్విన్ రీడెల్. మన పిల్లలు జారిపడకుండా మంచు ఎత్తిపోసినవాడు. ఆయన ఎవర్నీ కాల్చలేదు. పాట్రీస్ గారూ, కాదనండి చూద్దాం.”

పాట్రీస్ లేచింది. “కాదనను. ఎర్విన్ గారు ఏ పిల్లకీ, ఎవరికీ హాని చేయలేదు. ఆయన్ని ఆ మాటతో పిలవడం తప్పు.”

నార్బ్ పక్కకు చూశాడు. బ్రిట్టా ముళ్ళగరిటె గాలిలోనే ఆగింది. ఇద్దరూ చెప్పారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

“అయితే,” అంది పాట్రీస్, “ఆయన తుపాకీ వల్లే పోయారు. అలా పోయినవాళ్ళని లెక్కలోంచి తీసేసి సున్నా అని చూపించడమూ తప్పే.”

“తుపాకీ వల్ల కాదు, దుఃఖం వల్ల!” వేడ్ చేయి చాచాడు. “ఇదిగో సొంత తమ్ముడే ఉన్నారు. నార్బ్ అంకుల్, మీరే చెప్పండి. ఆ తుపాకీ లేకపోయినా ఆయన ఆ పని చేసి ఉండేవారా, లేదా?”

నార్బ్ లేచి నిలబడ్డాడు. లోర్నా కళ్ళు బల్లమీది ఉప్పు డబ్బా మీద ఉన్నాయి. ‘అవును’ అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని అనడానికి ఎంత తక్కువ శ్రమ కావాలో అతడికి ఆశ్చర్యం వేసింది.

“నాకు తెలియదు” అన్నాడు.

వేడ్ చిరునవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియని అతిథిలా.

“విన్నారా?” పాట్రీస్ ముందుకు వంగింది. “సొంత తమ్ముడికే సందేహం. తుపాకీ అందకపోయుంటే బతికుండేవారనే కదా ఆయన—”

“అదీ నేననలేదమ్మా,” అన్నాడు నార్బ్. “అలాంటివాళ్ళు వందమందిని తీసుకుంటే ఎక్కువమంది బతికేవారని మీరంటే నమ్ముతాను. మీరు చూశారు. కానీ మా అన్న వందమంది కాడు. ఒక్కడే. ఆ వందలో ఏ వైపువాడో చూసే పరికరం నా దగ్గర లేదు. మీ ఇద్దరి దగ్గరా లేదు.”

“ఇంతకీ నువ్వు ఏ పక్షం నార్బ్?” ఎడమ వైపు నుంచి ఎవరో అరిచారు.

“చేపల పక్షంలా ఉన్నాడు!” కుడి వైపు నుంచి మరొకరు అందుకున్నారు. హాలంతా నవ్వింది, ఆ ఒక్క విషయంలో రెండు వైపులూ కలిసి. సభ నడిపే లైబ్రరీ ఆవిడ గొంతు సవరించుకుని, తరువాతి ప్రశ్న కౌంటీ రోడ్డు మీది గుంటల గురించి అంది. ఆ గుంటలు ఎవరి హయాంలో పడ్డాయో అభ్యర్థులిద్దరూ వెంటనే చెప్పడం మొదలుపెట్టారు.

నార్బ్ కూర్చున్నాడు. తాను చేసింది ఏమిటో అతడికి స్పష్టంగా తెలియలేదు. మాట నిలబెట్టుకున్నాడా? లోర్నాకు ఉన్న ఒక్క దుప్పటినీ లాగేశాడా? చేప చల్లారిపోయింది. అయినా తిన్నాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు ముగ్గురూ పికప్పు ముందు సీటులోనే ఇరుక్కుని కూర్చున్నారు, మధ్యలో బ్రిట్టా.

“ఇద్దరూ చెప్పారు,” అంది బ్రిట్టా ఊరు దాటాక. “మాటంటే మాటే. సోమవారం దిగుతా. కానీ కేడెన్ ఊరుకోడు. మరి మీ తాత ఎలా పోయాడంటాడు. ఏం చెప్పను?”

నార్బ్ నోరు తెరిచేలోపే లోర్నా అంది: “తుపాకీ నా దగ్గరుండేది.”

బ్రిట్టా తల్లివైపు తిరిగింది.

“నా గదిలో, అలమరలో. తాతకి బాగోలేదని దాచాను. వేటకెళ్తానని వచ్చి అడిగాడు. నవ్వుతూ అడిగాడే. తాళం తీసి ఇచ్చాను.”

నార్బ్ రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

“నువ్వా?” అంది బ్రిట్టా.

“నేనే.”

“ఇవ్వకపోతే?”

“అదే బాబాయిని అడిగారు ఇందాక. తెలియదన్నాడు.” లోర్నా కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. “ఇవ్వకపోయినా పోయేవాడేనని ఏడాదిపాటు అందరూ చెప్తే విన్నాను. ఒక్కరోజూ నమ్మలేదు. నీకు తెలియదని నువ్వంటే నమ్మాను బాబాయ్. ఇప్పుడు దీన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలీట్లేదు.”

“నాకూ తెలియదమ్మా” అన్నాడు నార్బ్.

బ్రిట్టా తల్లి చేయి పట్టుకోలేదు, దూరంగానూ జరగలేదు, జరగడానికి చోటు లేదు. తరగతిలో పాఠం అప్పజెప్పే గొంతుతో, “మా తాత పాత బడి దగ్గర తుపాకీతో చనిపోయాడు” అంది.

“అంతే అంటే అది చుక్క పెట్టినవాళ్ళ మాట అవుతుంది” అన్నాడు నార్బ్.

“మా తాత తనంతట తనే పోయాడు. ఎవరికీ ఏ సంబంధం లేదు.”

“అది వేడ్ కాగితం” అంది లోర్నా, అద్దం మీదినుంచి నుదురు తీయకుండానే.

బ్రిట్టా వేళ్ళు విరుచుకుంది. “మా అమ్మ తుపాకీ ఇచ్చింది కాబట్టి—” అని, తన నోట వచ్చింది తానే విని, చటుక్కున ఆగిపోయింది.

ఆ పిల్లను ఆపాలో, లోర్నాను పట్టుకోవాలో, బండిని పక్కకు తీయాలో నార్బ్‌కు తోచలేదు.

“ఆగకు,” అంది లోర్నా. “ఆ ‘కాబట్టి’ తీసేసి మళ్ళీ చెప్పు.”

“మా అమ్మ తుపాకీ ఇచ్చింది,” అంది బ్రిట్టా. “వేటకని ఇచ్చింది. మా తాత వేటకి వెళ్ళలేదు. పాత బడి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఎవరూ లేరు.” ఆగి, ముక్కు తుడుచుకుంది. “ఇంత పొడుగు ఎవరు వింటారమ్మా?”

“విననివాళ్ళకి చెప్పకు. మొదటినుంచి అను.”

బ్రిట్టా మొదటినుంచి అందుకుంది. ఈసారి మధ్యలో ఒక మాట మార్చి, ‘వేటకనుకుని ఇచ్చింది’ అంది. అది సరైనదో కాదో ముగ్గురిలో ఎవరూ తేల్చలేకపోయారు.